చిన్న లూథరన్ యూనివర్సిటీ: పెట్టిన ఫీజుకు గిట్టుబాటేనా? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు ఒక రివ్యూ

లూథరన్ అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ. ఆ పేరు అనంగనే మనకు కృష్ణ దాటి గుంటూరు గుర్తొస్తది. 1842లో హేయర్ అనే అమెరికన్ లూథరన్ పాదరీ వచ్చి దిగింది అక్కడనే. 1885లో మొదలైన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ కూడా లూథరన్లు పెట్టిందే. నదికి ఇవతల నల్లగొండలో బాప్టిస్టులు, పాలమూరులో మెన్నోనైట్లు పనిచేసిండ్రు కాబట్టి ఈ పేరు మన దిక్కు అంతగా వినపడదు. అందుకే గడియారం సెంటర్ దగ్గర ఏదో కన్సల్టెన్సీలో "అమెరికాలో చిన్న లూథరన్ యూనివర్సిటీ అండీ, పిల్లలకు సేఫ్" అని బ్రోచర్ ముందు పెడితే తల్లిదండ్రులకు రెండు అనుమానాలు వస్తయి. మతం మారుస్తరా? డిగ్రీకి విలువ ఉంటదా? మొదటిదానికి జవాబు తేలిక, రెండోది కొంచెం పొడుగు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉన్నది, అది ఎవ్వరూ అడగరు: పిల్ల చదువు అయ్యేదాకా ఆ కాలేజీ తెరిచి ఉంటదా?

ముందు సరుకేందో చూద్దాం. అమెరికాలో లూథరన్ కాలేజీలు ఎక్కువగా మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్, ఇండియానా, ఒహాయో దిక్కు ఉంటయి. జర్మనీ, నార్వే, స్వీడన్ నుంచి వలసొచ్చినోళ్లు తమ పాదరీలను, పంతుళ్లను తామే తయారు చేసుకోవాలని పెట్టుకున్నవి. నార్వే వాళ్లది అయోవాలో లూథర్ కాలేజీ, 1861. మిన్నెసోటాలో సెయింట్ ఓలాఫ్, 1874. స్వీడన్ వాళ్లది గస్టావస్ అడాల్ఫస్, 1862. ఇండియానాలోని వాల్పరైజో కథ వేరు: 1859లో మెథడిస్టులు మొదలుపెట్టిన కాలేజీ, 1925లో లూథరన్ల చేతికొచ్చింది. ఇప్పుడు వీటిలో రెండు దారులున్నయి. ఒకటి ఈఎల్‌సీఏ అనే పెద్ద చర్చి కింది కాలేజీలు, కొంచెం ఉదారంగా ఉంటయి. రెండోది మిస్సోరి సినడ్ అనే ఇంకో లూథరన్ చర్చివి, నియమాలు బిగువు. కాంకార్డియా అని పేరున్నవి చాలావరకు మిస్సోరి సినడ్‌వే. కాని మిన్నెసోటాలో మూర్‌హెడ్ ఊరి కాంకార్డియా మాత్రం ఈఎల్‌సీఏది. పేరు చూసి మోసపోయేది ఇక్కడే.

మతం సంగతి. చాలా కాలేజీల్లో ప్రార్థనకు పోవుడు తప్పనిసరి కాదు. తప్పనిసరి అయ్యేది రిలిజియన్ లేదా థియాలజీ పేరుతో ఒకటో రెండో కోర్సులు. బైబిల్‌ను పాఠంలా చదివిస్తరు: ఎప్పుడు రాసిండ్రు, ఎవరి కోసం రాసిండ్రు, ఈ మాటకు ఎవరు ఏ అర్థం చెప్పిండ్రు. పరీక్ష ఉంటది, పేపర్ రాయాలె. పాస్ కావడానికి నమ్మకం అక్కర్లేదు, చదవడం కావాలె. చాలాచోట్ల ఇతర మతాల మీద కోర్సు తీసుకున్నా సగం లెక్క తీరుతది. మిస్సోరి సినడ్ కాలేజీలైతే హాస్టల్లో అబ్బాయిలు, అమ్మాయిల రాకపోకల మీద, మద్యం మీద నియమాలు గట్టిగా రాసి పెట్టి ఉంటయి. స్టూడెంట్ హ్యాండ్‌బుక్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతది. ఫీజు కట్టకముందు ఆ పేజీలు పిల్లతో కలిసి చదవండి.

వారంలో కొన్ని పొద్దులు ఇరవై, ముప్పై నిమిషాలు ఏ క్లాసూ పెట్టరు. అది చాపెల్ టైమ్, అంటే ప్రార్థన టైమ్. పోనోళ్లకు అది చాయ్ టైమ్, ప్రొఫెసర్లు కూడా ఆ టైమ్‌కు బయటనే దొరుకుతరు. సంగీతం మీద వీళ్ల శ్రద్ధ మాత్రం చర్చి పుణ్యమే. సెయింట్ ఓలాఫ్‌లో క్రిస్మస్ గాన ఉత్సవం 1912 నుంచి నడుస్తున్నది. కెమిస్ట్రీ చదివే పిల్ల కూడా ఆడిషన్ ఇచ్చి కోయిర్‌లో చేరొచ్చు, చాలా మంది చేరుతరు. ఇంకో మాట పదే పదే వినపడతది: వొకేషన్. మన దగ్గర వొకేషనల్ అంటే ఇంటర్‌లో ఒక గ్రూపు, కాబట్టి మొదటి నెలంతా పిల్లలు తికమక పడతరు. అక్కడ దాని అర్థం, ఏ వృత్తైనా దేవుడు పిలిచి అప్పజెప్పిన పనే అని. పాదరీ పని ఒక్కటే పవిత్రం కాదన్న లూథర్ ఆలోచన అది. కెరీర్ ఆఫీసు పోస్టర్ల మీద కూడా ఇదే మాట ఉంటది, భయపడేదేం లేదు.

ఇక చదువు. ఇక్కడ వివరంగా చెప్పాలె, ఎందుకంటే కాలేజీ చిన్నదైనందుకు లాభం ఉన్నా నష్టం ఉన్నా క్లాసులోనే.

మొదటి రోజు ప్రొఫెసర్ ఇచ్చే సిలబస్ మన యూనివర్సిటీ సిలబస్ లాంటిది కాదు. పది పేజీల ఒప్పందం అది. ఏ తారీఖున ఏ చాప్టర్, ఏ రోజు క్విజ్, పేపర్ ఎన్ని గంటలకు అప్‌లోడ్ చేయాలె, ఆలస్యమైతే ఎంత కోత, అన్నీ ముందే ఉంటయి. మార్కుల వాటా మామూలుగా ఇట్లుంటది: హోంవర్క్, క్విజులు 25, రెండు మిడ్‌టర్ములు 30, పేపర్ 20, ఫైనల్ 15, పార్టిసిపేషన్ 10. ఆ చివరి పది దగ్గరనే మన పిల్లలు జారుతరు. పద్దెనిమిది మంది ఉన్న క్లాసులో నోరు మెదపకుండ కూర్చుంటే అది మర్యాద అనుకోరు, చదువుకోకుండ వచ్చిండు అనుకుంటరు. పేపర్ ఆలస్యమైతే రోజుకు పది మార్కుల కోత పెట్టే ప్రొఫెసర్లు చాలామందే. తొంభై మార్కులకు సరిపోయే పేపర్ రెండు రోజులు ఆలస్యమైతే డెబ్బై. ఫైనల్ ముందు పదిరోజులు రాత్రింబగళ్లు కూర్చొని గట్టెక్కే మన పద్ధతి అక్కడ పనిచేయదు. ఫైనల్ వాటా అంత చిన్నది మరి.

ఇంకోటి రికార్డు సంగతి. మన దగ్గర సీనియర్ రికార్డు ముందు పెట్టుకొని కాపీ కొట్టడం ఎవరూ తప్పనుకోరు, కొన్ని ల్యాబుల్లో అదే దారి. అక్కడ ఇద్దరి హోంవర్క్ కోడు ఒకేలా ఉంటే ఇచ్చినోనికీ తీసుకున్నోనికీ ఇద్దరికీ నోటీసు వస్తది. వాల్పరైజో లాంటి చోట ఆనర్ కోడ్ ఉంటది: పరీక్ష కాగితం మీద, నేను సాయం తీసుకోలేదు, ఇవ్వలేదు, ఇంకొకరు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు అన్న అర్థం వచ్చే వాక్యం రాసి సంతకం పెట్టాలె. ఆ మూడో ముక్క చూసిండ్రా? దోస్తు కాపీ కొట్టంగ చూసి మౌనంగా ఉండుడూ తప్పే. ఏఐతో రాయించడం మీద ఒక్కో ప్రొఫెసర్‌కు ఒక్కో నియమం, అదీ సిలబస్‌లోనే ఉంటది. మొదటిసారి దొరికితే ఆ అసైన్‌మెంటుకు సున్నా, లేదంటే కోర్సులోనే ఎఫ్. రెండోసారైతే సస్పెన్షన్ దాకా పోవచ్చు, సస్పెండైతే వీసా స్టేటస్ కూడా పోతది.

ఇంత కఠినమైన చోట లాభమేంది మరి? పిల్ల తప్పిపోతే కనిపెట్టే మనిషి ఉంటడు. రెండు క్లాసులు ఎగ్గొడితే, మొదటి క్విజ్ పోతే ప్రొఫెసర్ సిస్టమ్‌లో ఒక అలర్ట్ పెడతడు. అడ్వైజర్ మెయిల్ చేస్తడు, అవసరమైతే హాస్టల్ ఆర్‌ఏ (హాస్టల్ పిల్లలను చూసుకునే సీనియర్ స్టూడెంట్) తలుపు తడతడు. మూడు వందల మంది కూర్చునే పెద్ద యూనివర్సిటీ హాల్లో ఈ సౌకర్యం దొరకదు. ప్రొఫెసర్‌కు ఆఫీస్ అవర్స్ అని వారంలో కొన్ని గంటలు ఉంటయి, తలుపు తెరిచే ఉంటది. అక్కడికి పోవుడు బలహీనత అనుకొని పోని పిల్లలు ఈ కాలేజీకి పెట్టిన డబ్బులో సగం నీళ్లల్లో పోసినట్టే. ప్రతి కోర్సుకూ మొదటి మూడు వారాల్లో ఒక్కసారైనా పోవాలె. డౌట్ లేకున్నా పోవాలె. మూడేండ్ల తర్వాత రికమెండేషన్ లెటర్ రాసేది ఆ మనిషే.

ఒక హెచ్చరిక. సెమిస్టర్ మొదటి వారం, పది రోజుల్లో కోర్సు మార్చుకోవచ్చు, తీసేయొచ్చు. ఆ తర్వాత విత్‌డ్రా చేస్తే మార్కుల మెమోలో డబ్ల్యూ పడుతది, ఫీజు వాపసు వారం వారం తగ్గుతది. అంతకంటే ముఖ్యం, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ పిల్లలు 12 క్రెడిట్ల కిందికి దిగొద్దు. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒకటి మాత్రమే లెక్కకొస్తది. క్లాసు కష్టంగా ఉన్నదని ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పకుండ ఒక కోర్సు తీసేసి 9కి దిగినోళ్ల స్టేటస్ పోతది. ఆఫీసుకు ముందు చెప్తే కొన్ని దారులున్నయి, తర్వాత చెప్తే లేవు.

ఫీజు. ఈ కాలేజీల మీద రాసిన ధరను నమ్మొద్దు. బట్టల షాపులో 50 శాతం డిస్కౌంట్ బోర్డు ఎట్లనో ఇదీ అట్లనే. డిగ్రీకి ట్యూషన్ 40 నుంచి 60 వేల డాలర్లు రాసి ఉంటది, కాని అమెరికా ప్రైవేటు కాలేజీలు కొత్త డిగ్రీ పిల్లలకు సగటున సగానికి పైగా తగ్గిస్తయి. ఇంటర్ మార్కుల మీద వచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ అదే. కాబట్టి "28 వేల డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఫ్లెక్సీ కట్టకముందు లెక్క వేయాలె. ట్యూషన్ 50 వేలు, స్కాలర్‌షిప్ 28 వేలు అనుకుంటే మొదటి ఏడాది 22 వేలు. ఏటా ఫీజు 4 శాతం పెరుగుతదనుకోండి, స్కాలర్‌షిప్ మాత్రం పెరగదు. రెండో ఏడాది 24 వేలు, మూడో ఏడాది 26 వేల పైన, నాలుగో ఏడాది 28 వేల పైన. మొత్తం నాలుగేండ్లకు లక్ష డాలర్లు దాటుతది, ఇంకా తిండి, గది, ఇన్సూరెన్స్, పుస్తకాలు కలపనే లేదు. అడ్మిషన్ లెటర్‌లో స్కాలర్‌షిప్ నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాల్నో ఉంటది. ఆ ఒక్క లైన్ కింద గీత గీసి పెట్టుకోండి.

"అక్కడ పనిచేసుకొని కట్టుకుంటడు" అనే మాట ఇక మానేయాలె. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పని, బయట పనిచేస్తే వీసాకే ముప్పు. ఫెడరల్ కనీస కూలి గంటకు 7.25 డాలర్లు, అంటే వారానికి 145. పదిహేను వారాల సెమిస్టర్‌కు 2,175, అదీ పన్నుకు ముందు. కొన్ని రాష్ట్రాల్లో కూలి ఎక్కువ, అయినా ఇది చేతిఖర్చుకే, ఫీజుకు కాదు. లైబ్రరీ, ఐటీ హెల్ప్‌డెస్క్ పనులు ఆగస్టులోనే నిండిపోతయి. మెస్‌లో గిన్నెల పని ఎప్పుడైనా దొరుకుతది. పని దొరికినంక ఆ లెటర్‌తోనే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు పోవాలె. ఇక్కడి నుంచి పంపే డబ్బుల్లో బ్యాంకు విద్యా రుణమైతే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. సొంత డబ్బైతే ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద పడతది.

ఉండుడు, తినుడు. డిగ్రీ పిల్లలు రెండు మూడేండ్లు క్యాంపస్ హాస్టల్లోనే ఉండాలనే నియమం చాలాచోట్ల ఉంటది, మీల్ ప్లాన్ కూడా దానికి కట్టి పెడతరు. మెస్‌లో శాకాహారం ఉంటది, కాని మూడో వారానికే పాస్తా, సలాడ్ చూస్తే ముఖం మొత్తుతది. అప్పుడు హాస్టల్ వంటగదికి పోతరు. అక్కడ జరిగే ప్రమాదం ఎప్పుడూ ఒక్కటే: పోపు. నూనె పొగ వచ్చేదాక కాగనిచ్చి ఎండుమిరపకాయలు వేస్తే స్మోక్ డిటెక్టర్ మోగుతది. బిల్డింగంతా ఖాళీ చేయాలె, ఫైర్ ఇంజను వస్తది, జనవరిలో మైనస్ 15లో చెప్పులేసుకున్న రెండు వందల మంది వంట చేసిన పిల్ల దిక్కే చూస్తరు. డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవర్ కడితే ఫైన్ పడతది, దాని జోలికి పోవద్దు. నూనె చల్లగా ఉన్నప్పుడే ఆవాలు వేసి, మంట మీడియం దాటకుండ, మూత పెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసి, మిరపకాయలు స్టవ్ ఆపినంక వేయాలె. చిటపట కొంచెం తగ్గుతది, రుచి మాత్రం పోదు. ఇంటి నుంచి ఆవకాయ తీసుకపోండి, కస్టమ్స్ దగ్గర ముందే చెప్పి చూపిస్తే చాలు. నాటుకోడి పచ్చడి మాత్రం వద్దు, ఇక్కడి నుంచి మాంసం తెచ్చుడు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే చెత్తడబ్బాల పడుతది. నార్వే వాళ్ల కాలేజీల్లో క్రిస్మస్‌కు లెఫ్సే అని పెడతరు, ఆలుగడ్డ, మైదా కలిపి పల్చగా ఒత్తి పెనం మీద కాల్చింది. వాళ్లు వెన్న, చక్కెర పూసుకుంటరు. మనోళ్లు అందులో పచ్చడి పెట్టి చుట్టుకుంటరు, అదే బాగుంటది.

ఊరు చిన్నది. లూథర్ కాలేజీ ఉన్న డెకోరా ఊరి జనాభా ఎనిమిది వేలు లేదు, మన దేవరకొండ కంటే చాలా చిన్నది. ఇండియన్ స్టోర్‌కు గంటకు పైన ప్రయాణం, బస్సులు పెద్దగా ఉండవు. వాల్పరైజో నయం, చికాగో గంటన్నర లోపే. చాలా చోట్ల డిసెంబర్‌లో హాస్టళ్లు మూస్తరు, మూడు నాలుగు వారాలు పిల్ల ఎక్కడుండాలె? బ్రేక్ హౌసింగ్ ఉన్నదా, దానికి వేరే డబ్బులా, మెస్ నడుస్తదా అని అడగందే ఎవరూ చెప్పరు. థ్యాంక్స్‌గివింగ్‌కు స్థానిక కుటుంబాలు ఇంటికి పిలుస్తయి, పోవుడు మంచిదే. ఇంట్లోకి అడుగుపెట్టంగనే బూట్లు విప్పాల్నా అని అడగండి, మిన్నెసోటాలో చాలా ఇండ్లల్ల మనలాగనే విప్పుతరు. స్వెటర్ ఒక్కటి ఇక్కడ కొంటే చాలు, అసలు చలికోటు, మంచు బూట్లు అక్కడే కొనాలె. క్యాంపస్ దగ్గర సెకండ్‌హ్యాండ్ షాపుల్లో బాగా చవక.

ఇప్పుడు ఎవ్వరూ అడగని ప్రశ్నకు వద్దాం. చిన్న ప్రైవేటు కాలేజీలు మూతపడుతున్నయి. పోర్ట్‌ల్యాండ్‌లో కాంకార్డియా 2020లో మూసిండ్రు. న్యూయార్క్ దగ్గర బ్రాంక్స్‌విల్‌లోని కాంకార్డియా 2021లో. మిషిగన్‌లో ఫిన్లాండ్ వలసదారులు పెట్టుకున్న ఫిన్లాండియా 2023లో. మూతపడితే క్రెడిట్లు వేరే కాలేజీకి మార్చుకోవచ్చు, కాని అన్నీ లెక్కకు రావు, స్కాలర్‌షిప్ మళ్లీ మొదటినుంచి బేరం, వీసా రికార్డు బదిలీకి గడువు. కాబట్టి చేరకముందే మూడు చూడాలె. అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు గుర్తింపు) ఉన్నదా, అది ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద ఉన్నదా: మిన్నెసోటా, అయోవా, ఇండియానా దిక్కైతే హయ్యర్ లర్నింగ్ కమిషన్ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. అమెరికా విద్యాశాఖ ప్రైవేటు కాలేజీలకు ఆర్థిక స్థితి స్కోరు ఇస్తది, మైనస్ 1 నుంచి 3 దాకా. 1.5 పైన ఉంటే ఫరవాలేదు, కిందుంటే ఆగి ఆలోచించాలె. మూడోది, గత రెండేండ్లలో ఎన్ని డిపార్ట్‌మెంట్లు మూసిండ్రు, ఎంత మంది ప్రొఫెసర్లను తీసేసిండ్రు: ఆ ఊరి పత్రిక వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు వెతికితే దొరుకుతది. కన్సల్టెన్సీ ఇది చెప్పదు. చాలా కన్సల్టెన్సీలకు పిల్ల చేరినంక యూనివర్సిటీ నుంచే కమీషన్ వస్తది, ఆ సంగతి మనసులో పెట్టుకొని వాళ్ల మాట వినాలె.

డిగ్రీకి పోయేటోళ్లకు ఈ కాలేజీలు బాగున్నయి. ఎంఎస్‌కు? అంత తొందరగా ఔను అనలేం. మాస్టర్స్‌కు ఆ పెద్ద డిస్కౌంట్ ఉండదు, క్రెడిట్‌కు ఇంత అని 30 నుంచి 36 క్రెడిట్లకు కట్టాలె. చిన్న ఊర్లో కెరీర్ ఫెయిర్‌కు వచ్చే కంపెనీలు తక్కువ, ఎంఎస్ క్లాసుల్లో మన తెలుగోళ్లే సగం ఉంటే ఆఫీస్ అవర్స్ లాభం కూడా పలుచనవుతది. పోవాలనే అనుకుంటే ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) మీద సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ సబ్జెక్టో చెప్పే నంబర్ చూడండి. ఓపీటీ (చదువు అయినంక అక్కడ పనిచేసే అనుమతి) అందరికీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోడ్ అయితే ఇంకో 24. ఒకే బిజినెస్ స్కూల్లో 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్ స్టెమ్, 52.0201 బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కాదు. కోర్సు పేర్లు ఒకేలా వినపడతయి, కోడ్ ఒక్కటే తేడా. సీపీటీ (చదువు నడుస్తుండంగనే కోర్సులో భాగంగా చేసే పని) మీద పూర్తికాలం పని 12 నెలలు చేస్తే అదే లెవెల్‌లో ఓపీటీ పోతది. మూడేండ్ల బీకాం, బీఎస్సీ ఉన్నోళ్లు ముందే మెయిల్ చేసి అడగాలె, కొన్ని ఒప్పుకుంటయి, కొన్ని నాలుగేండ్లు కావాలంటయి.

కాగితాల్లో మన పిల్లలకు తగిలే దెబ్బ పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, మహాత్మా గాంధీ యూనివర్సిటీ లేదా పాలమూరు యూనివర్సిటీ మెమోలో అదే కొనసాగుతది, పాస్‌పోర్టులో మాత్రం మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో, సర్‌నేమ్ ఖాళీ. అప్పుడు వీసాలో గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతది, బ్యాంకు కార్డు, లైసెన్స్, పే చెక్ అన్నిటి మీదా అదే మొదటి పేరవుతది. అప్లికేషన్ పెట్టకముందే పాస్‌పోర్టులో సర్‌నేమ్ సరిచేయించుకోండి. ఐ-20 వచ్చినంక అయితే అన్నీ మళ్లీ మార్చాలె. ఆ తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో.

ఐ-20కి డబ్బు కట్టకముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకు పిల్లతోనే ఒక మెయిల్ రాయించండి, కన్సల్టెన్సీతో కాదు. స్కాలర్‌షిప్ నిలవాలంటే జీపీఏ ఎంత, ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్ పెరుగుతదా, డిసెంబర్‌లో హాస్టల్ తెరిచి ఉంటదా, నా కోర్సు సీఐపీ కోడ్ ఏంది. నాలుగే ప్రశ్నలు. చిన్న కాలేజీలో జవాబిచ్చేది ఒకే మనిషి, ఆయన రాసిన తీరు చూస్తేనే పిల్ల అక్కడికి పోయినంక ఎట్లుంటదో సగం తెలుస్తది. ఆ జవాబు మెయిల్‌ను ప్రింట్ తీసి పెట్టుకోండి. మూడో ఏడాది బిల్లులో లెక్క తేడా వస్తే అకౌంట్స్ ఆఫీసులో చూపించేది అదే.